చలి ఆగిన చోటు

అంట్లక్కను కొత్తగా కలిసినవాళ్ళు ఆమె ఎవరింట్లోనో గిన్నెలు తోముతుందనుకునేవాళ్ళు. నిజానికి ఆమె కట్టేది అంట్లు. నిమ్మ, నారింజ, బత్తాయి అంటుమొక్కలు పెంచి తోటలవాళ్ళకు ఇచ్చే నర్సరీ ఆమెది. ఆ పేరు ఎవరు పెట్టారని అడిగితే, "మా తమ్ముడే, ఇంకెవరు? చిన్నప్పుడు ఇంట్లో అంట్లన్నీ నాకు అంటగట్టినవాడూ వాడే" అని నవ్వేది. భర్త పోయిన తరవాత ఆ నర్సరీయే ఆమెకు ఇల్లూ వాకిలీ, పిల్లాజెల్లా అన్నీ అయింది.

నర్సరీ ఉన్నది కొండవాలు కిందికి దిగి ఆగే చోట. అక్కడ నేల పళ్ళెంలా కాస్త గుంటగా ఉంటుంది. దాని అంచున రోడ్డు, రోడ్డుకు అవతల ఒక వాగు, వాగు మీద చిన్న వంతెన. గుంటలో మట్టి నల్లగా, వెన్నముద్దలా ఉంటుంది. పార దింపితే పిడి దాకా ఒక్క రాయి తగలదు. నర్సరీ వెనకనుంచి పైకి లేచే వాలు మాత్రం అంతా గులకరాళ్ళు, ఎర్రటి గరుకు నేల. అది తమ్ముడిది. తండ్రి బతికుండగానే అలా పంచి ఇచ్చాడు. మొక్కలతో బతికేది కూతురు కాబట్టి మట్టి కూతురికి. బస్సు డిపోలో మెకానిక్కుగా పనిచేసే కొడుక్కి ఇల్లు కట్టుకోవడానికి గాలీ వెలుతురూ ఉన్న వాలు.

తమ్ముడి భార్య అదే డిపోలో కండక్టరు. మాటకు మాట అప్పగించే మనిషి. పంపకాల రోజున ఆ వాలంతా ఒకసారి తిరిగి చూసి వచ్చి, "బాగుంది. మట్టి మీకూ, రాళ్ళు మాకూనా వదినా?" అంది. నవ్వుతూనే అంది. అంట్లక్కకు ముక్కు మీదే ఉండే కోపం. "రాళ్ళు ఏరుకోవడానికి టికెట్టేం అక్కర్లేదులే" అనేసింది. నలుగురూ నవ్వారు. మరదలి మొహం మాడిపోయింది.

అంతటితో ఇద్దరికీ మాటలు పోయాయి. సంబంధం పూర్తిగా తెగలేదని చెప్పడానికి ఉన్నది ఒక్క బస్సే. అంట్లక్క పట్నంలో పని ఉన్నప్పుడల్లా మరదలి బస్సే ఎక్కాలి, ఆ దారిలో తిరిగేది అదే మరి. ఎక్కేది, చిల్లర చాపేది. మరదలు టికెట్టు చింపి చేతిలో పెట్టేది. ఒకరు కిటికీలోంచి చూస్తే మరొకరు తలుపు వైపు చూసేవాళ్ళు. తమ్ముడు మాత్రం అక్క దగ్గరికి వచ్చిపోతూ ఉండేవాడు. "మీ ఇద్దరి మధ్య నేను స్పానరు పెట్టినా తిరగని బోల్టునైపోయాను" అని గొణుక్కునేవాడు.

ఒక వేసవిలో నర్సరీలోంచి మొక్కలు దొంగలపాలయ్యాయి. ఒకసారైతే ఊరుకునేదే, అది అలవాటుగా మారింది. పైగా రోడ్డు మీద లారీలు లేపే దుమ్ము ఆకుల మీద పేరుకుంటోంది. దాంతో అంట్లక్క రోడ్డు వైపు పాత ముళ్ళకంచె తీసేయించి, ఈ చివరినుంచి ఆ చివరి దాకా నిలువెత్తు ఇటుక గోడ కట్టించింది. రాకపోకలకు రేకు తలుపు. గోడ పూర్తయిన రోజున దానికి వీపు ఆనించి కూర్చుని, ఇన్నాళ్ళకు తన మొక్కలకొక ఇల్లు ఏర్పడిందనుకుంది.

ఆ చలికాలం మొక్కలు మాడిపోయాయి.

ఒకనాడు తెల్లవారి లేచి, నర్సరీలో తాను ఉండే షెడ్డు తలుపు తీసేసరికి నేలంతా సున్నం చల్లినట్టు తెల్లగా ఉంది. గడ్డి మీద మంచు గట్టిపడి, నడుస్తుంటే కాళ్ళ కింద కరకరమంది. ఎండ వచ్చాక ఆ తెలుపు కరిగింది గానీ, నిమ్మ అంట్ల ఆకులు ఉడకబెట్టినట్టు నల్లబడి వేలాడాయి. ముట్టుకుంటే నీరు కారాయి. ఆమె ఒక్కో సంచీ ఎత్తి, గోరుతో కాండం గీకి చూసింది. కొన్నింట్లో ఇంకా పచ్చదనం ఉంది. చాలావాటిలో లేదు. అంటు దగ్గర కట్టిన ప్లాస్టిక్కు పట్టీలు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి.

ఇక్కడ చలి ఎప్పుడూ ఉండేదే. ఒకటి రెండు చిగుళ్ళు మాడడం కూడా మామూలే. కానీ ఇలా ఎన్నడూ లేదు. తల్లిచెట్లకు తెగులేమో అనుకుంది, ఎరువు ఎక్కువైందేమో అనుకుంది, నీళ్ళు మారాయేమో అనుకుంది. ఒక్క సంగతి మాత్రం ఆమెకు అంతుపట్టలేదు. సిమెంటు నీళ్ళతొట్టి చుట్టూ ఉన్న వరస ఒక్కటీ దాదాపు చెక్కుచెదరలేదు. అవీ అదే తల్లిచెట్టు పిల్లలు, అదే ఎరువు తిన్నవి. తొట్టి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని వాటిని చూస్తూ, "మీరెలా బతికారే?" అని పైకే అడిగింది.

ఈ కబురు తమ్ముడి ద్వారా కండక్టరుకు తెలిసింది. అయ్యో అనుకుని తన పనిలో పడింది. కానీ మర్నాడు పొద్దున్నే తొలి బస్సులో వెళ్తుండగా ఆమెకు ఒక సంగతి తట్టింది.

ఏళ్ళ తరబడి అదే దారిలో తిరిగిన మనిషికి ఎక్కడ ఏ కుదుపు వస్తుందో కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది. చలికాలం తొలి బస్సులో ఆమె కనిపెట్టిన కుదుపు ఇంకొకటి ఉంది. బస్సు కొండమీదినుంచి దిగి వంతెన దగ్గరికి రాగానే జనం కిటికీ అద్దాలు దబదబా మూసేవాళ్ళు. వంతెన దాటి ఎదురు వాలు ఎక్కగానే మళ్ళీ ఒకటొకటిగా తెరిచేవాళ్ళు. ప్రతి ఏడూ అంతే. ఎవరూ చెప్పుకున్నది కాదు, చేతులు వాటంతటవే వెళ్ళేవి.

ఈ ఏడు వంతెన మీద ఒక్క అద్దం మూసిన చప్పుడు కూడా వినబడలేదు.

స్టాపులో బస్సు ఆగగానే ఆమె మెట్టు దగ్గర నిలబడి మొహం బయటికి పెట్టింది. చలిగానే ఉంది, కానీ ఎప్పుడూ కోసినట్టు ముక్కును కోయడం లేదు. తల తిప్పి నర్సరీ వైపు చూసింది. బస్సు ఎత్తునుంచి గోడ లోపలంతా కనబడింది. మంచుపొగ గుంట నిండా పాలగిన్నెలా నిండి, గోడ పైఅంచు దాకా వచ్చి కదలకుండా నిలిచి ఉంది. అక్కడక్కడా కొంచెం గోడ మీదినుంచి పొంగి రోడ్డు వైపు జారుతోంది. గోడకు ఇవతల అంతా శుభ్రంగా ఉంది.

"రైట్ చెప్పవేం?" అని డ్రైవరు కేక వేసేదాకా ఆమె గంట కొట్టలేదు.

డ్యూటీ దిగగానే డబ్బుసంచీ అప్పగించి, యూనిఫాం కూడా మార్చుకోకుండా నర్సరీకి వెళ్ళింది. రేకు తలుపు బయట కాసేపు తటపటాయించింది. వెళ్ళి చెబితే, గోడ తప్పు కట్టావని దెప్పడానికి వచ్చినట్టుంటుంది. చెప్పకుండా ఊరుకుంటే, మిగిలిన మొక్కలు కూడా పోతాయి. తలుపు తట్టింది.

అంట్లక్క తీసింది. ఇద్దరూ ఒకరి కాళ్ళ వైపు ఒకరు చూసుకున్నారు.

"ఒక్క మాట చెప్పి వెళ్ళిపోతాను వదినా. కూర్చోను" అంది మరదలు.

"కూర్చోమని నేను అనలేదుగా."

"వంతెన దగ్గర ఈ ఏడు చలి లేదు."

"అయితే?"

"మరి అదెక్కడికి పోయింది? మీ దగ్గరుంది."

అంట్లక్క ఆమెను ఎగాదిగా చూసింది. "చలేమన్నా గేదె అనుకున్నావా, నేను తోలుకొచ్చి కట్టేసుకోడానికి?"

"మీరు తోలుకురాలేదు. అదే వస్తోంది. మా వాలు మీదినుంచి జారి వస్తోంది. ఇదివరకు కంచె సందుల్లోంచి రోడ్డు దాటి వాగులోకి పోయేది. ఇప్పుడు గోడ అడ్డం ఉంది కదా, లోపలే నిలిచిపోతోంది. నేను కళ్ళారా చూశాను వదినా. పొద్దున్న మంచుపొగ గోడ అంచు దాకా నిండి ఉంది, చెరువులాగా."

కోపం రావలసిన చోట అంట్లక్కకు కోపం రాలేదు. ఆమె కళ్ళు తొట్టి వైపు వెళ్ళాయి. "రా, ఇది చూడు" అంది. పంపకాల రోజు తరవాత ఆమె మరదలితో ఎత్తిపొడుపు లేకుండా అన్న తొలి మాట అది. తొట్టి చుట్టూ బతికిన వరస చూపించింది. "ఇవి ఎందుకు బతికాయో నాకు తెలియక బుర్ర బద్దలవుతోంది."

మరదలు తొట్టిలో చెయ్యి పెట్టింది. "గోరువెచ్చగా ఉంది."

"పగలంతా ఎండ తాగింది. అది అంత తొందరగా చల్లారదు." అంటూనే అంట్లక్క ఆగింది. "ఓహో. పక్కనున్నవాటికి రాత్రంతా కాపు కాసింది. అయితే తెగులు కాదు. చలే."

"అయితే గోడే" అంది మరదలు, ఉండబట్టలేక.

"ఊరికే అనుకుంటే చాలదు. గోడ పడగొట్టాలంటే నాకు కంటితో కనబడాలి."

ఆ రోజు సాయంత్రం గాలి లేదు. ఆకాశంలో మబ్బు తునక లేదు. డిపోనుంచి వచ్చిన తమ్ముడు, తన పెళ్ళామూ అక్కా పక్కపక్కన నిలబడి ఉండడం చూసి, ఎవరికైనా ఒంట్లో బాగోలేదా అని కంగారుపడ్డాడు. ఇద్దరూ కలిసి అతన్ని పచ్చి ఆకులు మోయమన్నారు. వాలు పైన, తమ్ముడి ఇంటి వెనక, ముగ్గురూ ఎండుపుల్లలు పేర్చి, పైన పచ్చి ఆకులు కప్పి అంటించారు. పొగ మొదట నిట్టనిలువుగా లేచింది. మంట అణిగి, సూర్యుడు కొండ వెనక్కి పోయి, వెలుతురు ఇంకా మిగిలి ఉండగా పొగ వంగింది. మోకాలెత్తులో పల్చటి దుప్పటిలా పరుచుకుని, వాలు వెంట మెల్లగా కిందికి నడిచింది. రాయి అడ్డం వస్తే పక్కకు తప్పుకుంది. చాళ్ళలో దిగింది. అచ్చం వాన పడినప్పుడు నీళ్ళు ఏ దారిన పోతాయో ఆ దారినే పోయింది.

ముగ్గురూ దాని వెంట నడిచారు, ఊరేగింపు వెనక నడిచినట్టు. పొగ నర్సరీలోకి దిగింది, అంట్ల వరసల మధ్యకు పోయింది, గోడ దగ్గరికి వెళ్ళి ఆగింది. వెనకనుంచి వస్తున్నది వస్తూనే ఉంది. కాసేపటికి నిమ్మ సంచీలు కనబడకుండా పోయాయి.

అంట్లక్క ఉన్న చోటనే చతికిలబడింది. "బిడ్డల్ని తీసుకెళ్ళి చల్లటి బావిలో కూర్చోబెట్టాను" అంది.

"మీకేం తెలుసు వదినా? గోడ కట్టింది దొంగల కోసం కదా" అంది మరదలు. ఆ గొంతులో దెప్పు లేదు. అంట్లక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, పొగ వల్ల అన్నట్టు రెండుసార్లు దగ్గింది.

మర్నాడు తమ్ముడు సెలవు పెట్టి గునపం పట్టుకొచ్చాడు. గోడ మొత్తం కొట్టనక్కర్లేదని ముగ్గురూ తేల్చుకున్నారు. పొగ ఎక్కడ ఎక్కువగా మూగిందో అదే అన్నిటికన్నా పల్లం. అక్కడ బండి పట్టేంత వెడల్పున గోడ నేలమట్టం చేసి, దొంగలు దూరకుండా ఊచల గేటు పెట్టాలి. రేకు తలుపు తీసేసి అక్కడా ఊచలే పెట్టాలి. గునపం తమ్ముడి చేతిలోంచి లాక్కుని తొలి దెబ్బ అంట్లక్కే వేసింది. ఇటుక ఊడలేదు గానీ ఆమె భుజం పట్టేసింది. "మేస్త్రీ మంచివాడు" అంది భుజం రుద్దుకుంటూ. ముగ్గురూ నవ్వుకున్నారు.

గేటు తయారై రావడానికి కొన్నాళ్ళు పడుతుందన్నారు. ఈలోగా బతికినవాటిని ఏం చెయ్యాలి? ఆ మాట మరదలే ఎత్తింది.

"మా రాళ్ళ మీద పెట్టండి వదినా."

అంట్లక్క తలెత్తి వాలు వైపు చూసింది. మరదలు మళ్ళీ అంది: "కింద మీకు మంచు పట్టిన రాత్రి మాకు పైన పట్టలేదు. చలి మా దగ్గర ఆగదు, జారిపోతుంది. పెట్టండి."

బతికిన అంట్లన్నీ క్రేట్లలో సర్ది పైకి మోశారు. వాలు మధ్యలో, ఎండ నేరుగా కొట్టే చోట, పెద్ద రాళ్ళ మధ్య సందుల్లో ఒక్కొక్కటే నిలబెట్టారు. పని అయ్యేసరికి పొద్దు వాలింది. అంట్లక్క అలసిపోయి ఒక బండకు ఆనుకుంది. చప్పున ముందుకు జరిగి, వెనక్కి తిరిగి అరచెయ్యి ఆనించి చూసింది. బండ ఇంకా వెచ్చగా ఉంది, అప్పుడే పక్కమీదనుంచి లేచి వెళ్ళిన మనిషి దిండులా.

"తొట్టి చేసిన పని ఇక్కడ ఇవి చేస్తాయన్నమాట" అంది.

"చేస్తాయేమో."

"ఈ రాళ్ళనేగా నేను వెక్కిరించింది."

"నాకు గుర్తుంది. మీకు టికెట్టు చింపి ఇచ్చినప్పుడల్లా గుర్తొచ్చేది" అంది మరదలు.

"చిల్లర మాత్రం సరిగ్గా ఇచ్చేదానివి."

"డ్యూటీ డ్యూటీయే కదా వదినా."

ఇద్దరూ ఒకేసారి నవ్వారు. కింద క్రేట్లు సర్దుకుంటున్న తమ్ముడు తలెత్తి చూసి, ఏమీ అడగకుండా మళ్ళీ పనిలో పడ్డాడు. అడిగితే ఎక్కడ ఆగిపోతుందో అన్న భయం.

గేటు బిగించాక వచ్చిన చలి పొద్దుల్లో, తొలి బస్సు వంతెన మీదికి రాగానే కిటికీలు దబదబా మూతపడ్డాయి. ఎవరో ముసలాయన మఫ్లరు బిగించుకుంటూ, "ఇదేం చలి తల్లీ, నిన్నటిదాకా లేదు!" అని విసుక్కున్నాడు. కండక్టరు మొహం చాటంత చేసుకుని, "అవును బాబాయ్, వచ్చేసింది!" అంది. ఆయనకు ఆ సంతోషమేమిటో అర్థం కాలేదు.

రాళ్ళ మధ్య పెట్టిన అంట్లు చలి గడిచేసరికి చిగుళ్ళు వేశాయి. సంచీ చింపి చూస్తే వేళ్ళు తెల్లగా, దట్టంగా ఉన్నాయి. కింద నల్లమట్టిలో నీళ్ళు నిలిచి వేళ్ళు అప్పుడప్పుడూ కుళ్ళేవి. ఇక్కడి గరుకు నేలలో నీళ్ళు ఆగవు. అయితే ఆ నేలకు వేరే బలమేమీ లేదు. నాలుగు రోజులు నీళ్ళు పెట్టకపోతే వాడిపోతాయి. పైనున్నది కింద లేదు, కిందున్నది పైన లేదు.

వేసవి మొదట్లో అంట్లక్క ఒక పొద్దున్న చక్రాల బండి నిండా నల్లమట్టి వేసుకుని, రొప్పుతూ వాలు ఎక్కి, తమ్ముడి గుమ్మం ముందు దించింది.

"ఇదేంటి వదినా?"

"మీ మట్టి."

"మాదేంటి, మీదే కదా?"

"కాదమ్మాయ్. నా గుంటలో ఇంత మట్టి ఎక్కడినుంచి వచ్చిందనుకున్నావు? ఏటేటా వాన మీ దగ్గర కడిగి తీసుకొచ్చి నా ఒళ్ళో పోసింది. బరువైన రాళ్ళు మీ దగ్గర వదిలేసి, మెత్తటిదంతా నాకు తెచ్చింది. నేనేమో అది నా గొప్ప అనుకున్నాను." బండి పిడి వదలకుండానే అంది. "చలేమో నీ నోట చెప్పించుకున్నాను. ఈ మట్టి సంగతి ఎవరూ చెప్పకుండా నాకే తెలిసింది. కొంచెం లేటుగా తెలిసింది."

మరదలు బండిలోంచి గుప్పెడు మట్టి తీసి నలిపి చూసింది. లోపలికి వెళ్ళి చెంబుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. తరవాత బండికి రెండో వైపు తాను పట్టుకుంది.

ఆ వేసవంతా అదే పని. సెలవు రోజుల్లో తమ్ముడు వాలుకు అడ్డంగా రాళ్ళు పేర్చి, మోకాలెత్తు కట్టలు కట్టాడు. గోడలు కట్టకుండా, రాయికీ రాయికీ మధ్య గాలి దూరేటట్టు వదిలి పేర్చాడు. ఆడవాళ్ళిద్దరూ ఆ కట్టల వెనక నల్లమట్టి పోసి, గులకనేలతో కలిపారు. గుంటలో తవ్విన చోట వాననీళ్ళు నిలిచేలా చిన్న కుంట మిగిలింది. దానివల్ల చుట్టూ మొక్కలకు వెచ్చదనమని అంట్లక్క దాన్ని పూడ్చకుండా ఉంచేసింది. అంట్లు కొనడానికి వచ్చేవాళ్ళు కొండ ఎందుకు ఎక్కాలని అడిగితే, "చలికాలం పిల్లమొక్కలు మేడ మీద ఉంటాయి. మా మరదలు చెప్పింది" అనేది. ఎవరు అడిగినా, అడక్కపోయినా "మా మరదలు చెప్పింది" అనేది. వినీ వినీ తమ్ముడు, "అక్కా, ఇంక చాలు. ఇంట్లో నా మాట చెల్లడం లేదు" అని దండం పెట్టాడు.

వానలు వచ్చాయి. మొదటి పెద్ద వానకు మరదలు గొడుగు వేసుకుని బయటే నిలబడింది. ఇదివరకు ఎర్రటి నీళ్ళు ఒకటే పరుగున కిందికి దూకేవి. ఇప్పుడవి కట్ట దగ్గర ఆగి, రాళ్ళ సందుల్లోంచి తేటగా జారి, కింది కట్ట దగ్గర మళ్ళీ ఆగాయి. రెండు చోట్ల కట్ట జారిపోయింది. వాన వెలిశాక మళ్ళీ పేర్చుకున్నారు.

ఆపై చలికాలం పెద్ద నష్టం లేకుండా గడిచింది. మళ్ళీ ఎండలు ముదిరాయి. అప్పుడొక పొద్దున్న మరదలు కేకలు పెట్టింది. ఏ పాము కరిచిందోనని అంట్లక్క చేతిలో అంటుకత్తితోనే పరిగెత్తుకుంటూ పైకి వచ్చింది.

ఆఖరి కట్టకు దిగువన, ఎన్నడూ చెమ్మ ఎరగని చోట, నేల నల్లగా తడిసి ఉంది. చుట్టూ గడ్డి పచ్చగా లేచింది. ఒక చిన్న కప్ప వాళ్ళను చూసి గెంతి, రాయి కిందికి దూరింది.

"పైపు ఏమన్నా పగిలిందా?" అంది అంట్లక్క.

"ఇక్కడ పైపే లేదు వదినా."

ఇద్దరూ వంగి చేతులతో తవ్వారు. జానెడు లోతు తవ్వగానే గుంటలో నీళ్ళు ఊరడం మొదలైంది. మొదట బురదగా వచ్చి, చూస్తుండగానే తేరుకున్నాయి. గడిచిన వానలు కట్టల వెనక ఇంకి, నేల లోపల ఇంతకాలం మెల్లగా నడిచి ఇప్పటికి ఇక్కడికి చేరాయి. ఇంత ఎండలో నీళ్ళు ఐసులా చల్లగా ఉన్నాయి.

అంట్లక్క దోసిలి పట్టి మొహం కడుక్కుంది. మరో దోసిలి తీసి మరదలి ముందుకు చాపింది. మరదలు రెండు చేతులూ పట్టింది.

"బస్సుకు టైమైపోతోంది" అంది మరదలు, నీళ్ళు మొహానికి చల్లుకుంటూ.

"మరి వెళ్ళు."

"వెళ్తాను" అంది గానీ, గుంట మళ్ళీ నిండుతుంటే చూస్తూ అక్కడే, తడి గడ్డి మీద, వదిన పక్కన కూర్చుంది.